మధుకర గురువునకు దక్షిణ

శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున అవధూతకును యదుమహారాజునకును జరిగిన సంవాదమును శ్రీకృష్ణభగవానుడు ఉద్ధవునకు వినిపించెను. అవధూత తనకు ఇరువదినలుగురు గురువులని చెప్పి, వారిలో తేనెటీగను, తేనె తీయువానిని వేర్వేరుగా లెక్కించెను. పువ్వును నొప్పింపక కొంచెము కొంచెముగా సారమును గ్రహించుట ఒక పాఠము. అట్లే భిక్షువు గృహస్థులకు భారము కాక జీవింపవలెను. దానభోగములు లేక కూడబెట్టినది పరులపాలగుననునది మరియొక పాఠము.

పాఠశాలలో చదువుకొన్ననాటి నుండి ఈ ఘట్టమును నేను అనేక పర్యాయములు ప్రవచించితిని. కాని గురువని కీర్తించిన ఆ ప్రాణికి నేనిచ్చిన దక్షిణ ఏమని ప్రశ్నించుకొన్ననాడు తల వంచుకొనవలసివచ్చెను.

2014 సంవత్సరమున మా ప్రాంతమునందలి ఒక ఆలయగోపురమునకు పెద్ద తేనెపట్టు పట్టెను. ఉత్సవము సమీపించుచుండెను. భక్తులను కుట్టునేమోయని పెద్దలు భయపడి, పట్టును కాల్చవచ్చునాయని నన్నడిగిరి. నేను ఆలోచింపక తలయూపితిని. ఆ రాత్రి కాగడాలతో కాల్చిరి. మరునాటి ఉదయము ప్రాకారమున చీపురుతో ఊడ్చి ఎత్తవలసినన్ని ఈగలు పడియుండెను. అదే ఉదయమున స్వామికి పంచామృతాభిషేకము. అర్చకస్వామి తేనెగిన్నె నెత్తినపుడు నేను కన్నులెత్తి చూడలేకపోతిని.

గోపురములకును, కొండచరియలకును, ఎత్తైన చెట్లకును పట్టు పట్టు పెద్ద తేనెటీగ పూలకాలము ముగియగానే తనంతతాను వేరొక చోటికి తరలిపోవునని తరువాత తెలిసినది. ఆ పట్టు క్రింద దారి మూసి, పొగయు బాణసంచాయు లేకుండ చూచుకొని కొన్నాళ్లు ఓర్చియుండినచో సరిపోయెడిది. తెలియక చేసితినని సమాధానపడుటకు వీలులేదు. తెలియనిచో తెలిసినవారి నడుగుటయే పండితధర్మము.

మధువు మన ఆచారమున ఎంత గొప్పదో ఆస్తికులెరుగుదురు. పెరుగు, నేయి, తేనె కలిసిన మధుపర్కముతో వరుని పూజింతుము. చరకుడు తేనెను నాలుగు విధములుగను, సుశ్రుతుడు ఎనిమిది విధములుగను విభజించిరి. బృహదారణ్యకమందలి మధువిద్య ఈ పృథివి సర్వభూతములకు మధువనియు, సర్వభూతములును పృథివికి మధువనియు బోధించును. ఒకదానికొకటి ఉపకరించుటయే సృష్టిక్రమమని దాని తాత్పర్యము.

ఆ తాత్పర్యమును తేనెటీగయందు ప్రత్యక్షముగా చూడవచ్చును. గుమ్మడి, బీర, కాకర తీగలకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. గుమ్మడి పుప్పొడి బరువైనది, జిగురుగలది; గాలికి ఎగిరిపోదు. తేనెకై వచ్చిన ఈగ ఒంటినూగుకు అంటుకొని ఆడపువ్వును చేరిననే పిందె నిలుచును. వరి, గోధుమలకు ఈగల అవసరము లేదు. కాని కూరలు, పండ్లు, నూనెగింజలలో అధికభాగము వానిపై ఆధారపడినవి. లోకమందలి ప్రధానాహారపు పంటలలో నూటికి 75 రకములు కొంతగానో ఎక్కువగానో ఇట్టి ప్రాణుల సహాయమును కోరునని 2016లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల నివేదిక తెలిపెను. ఇక పనియీగ పూలకాలమున ఇంచుమించు ఆరు వారములు మాత్రమే జీవించును. జీవితమంతయు శ్రమించి అది కూర్చు తేనె చిన్నచెంచాలో పండ్రెండవ వంతు. మనము స్వామికి సమర్పించు ఒక చెంచా తేనె పండ్రెండు జీవితముల ఫలము!

ఇట్టి ప్రాణి నేడు ఆపదలో నున్నది. చెట్టుతొర్రలలో నివసించు మన దేశపు తేనెటీగకు 1991-92 ప్రాంతమున ఒక సూక్ష్మజీవి వలన పిల్లపురుగులను చంపు తెగులు సోకి, దక్షిణభారతమున పెట్టెలలో పెంచుచున్న పట్టులలో అధికభాగము నశించెను. 2006-07లో అమెరికా దేశమున పనియీగలు పట్టులను విడిచి అదృశ్యమగు వింత కనబడెను. దానికి ఒకే కారణము గాక పురుగుమందులు, తెగుళ్లు, ఈగల నంటి పీడించు నల్లులు, పూలమేత కొరవడుట అన్నియు కలిసి చేటు తెచ్చుచున్నవని పండితులు భావించుచున్నారు. తేనెటీగలకు హాని కలిగించు మూడు పురుగుమందులను ఆరుబయట పొలములలో వాడరాదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించెను. పెంపకపు పెట్టెల సంఖ్య లోకమున మొత్తముమీద తగ్గలేదు. కాని అడవులలోను, గట్లమీదను స్వేచ్ఛగా బ్రతుకు జాతులకు పెట్టెలిచ్చి కాపాడువారు లేరు. వాని రక్ష చెట్టుచేమల రక్షయే.

అహోబిలక్షేత్రమున నృసింహస్వామి చెంచులక్ష్మిని పరిణయమాడెనని మనము భక్తితో చెప్పుకొందుము. ఆ నల్లమల చెంచులు నేటికిని త్రాళ్లతో కొండచరియలపై దిగి తేనె తీయుదురు. తేనె తీయుట పాపము కాదు. పిల్లలున్న భాగమును విడిచి తేనెభాగమును మాత్రము కోసినచో పట్టు మరల నిలుచును. నిప్పుపెట్టినచో వంశమే నశించును. గ్రహించుటకును హరించుటకును గల భేదమిదియే.

కావున గృహస్థులు తులసికోటలో అన్ని వెన్నులను త్రుంపక కొన్నిటిని పూయనిండు. వేసవిలో పళ్లెరమున నీరుపోసి, ఈగలు మునిగిపోకుండ గులకరాళ్లుంచుడు. రైతులు పూతదశలో మందు చల్లకుండుట మేలు. తప్పనిచో సాయంకాలము ఈగలు గూడు చేరిన తరువాత చల్లుడు. ఆలయ నందనవనములలో పొగడ, కానుగ, నేరేడు, కుంకుడు నాటింపుడు. గోపురమున పట్టు కనబడినచో కాగడా వెలిగింపక, తెలిసినవారిని పిలిపింపుడు.

వనమాలాధరుడైన స్వామి చుట్టు ఝంకారము చేయు భ్రమరములను కవులు వర్ణించిరి. ఆ ఝంకారము వర్ణనలలో మాత్రమే మిగులకుండుగాక! నాడు నేను తలయూపినందుకు చెల్లింపగల దక్షిణ ఈ నాలుగు మాటలే. పాఠకులు వీనిని ఆచరణలో పెట్టినచో ఆ ఋణము కొంతయైన తీరును.