మొదటి ప్రపంచ యుద్ధము – ఖతర్ దేశము – మన గిర్మిటు



మన పిల్లలు మొదటి ప్రపంచ యుద్ధమును గూర్చి బడిలో చదువునపుడు, అది ఐరోపా రాజుల కలహమనియే తలచుచున్నారు. ఆ యుద్ధము అరబ్బుల ముత్యాల రేవులోను, మన పెద్దలు చెమటోడ్చిన చెరకు తోటలలోను గూడ గొప్ప మార్పులు తెచ్చెను. నేడు తెలుగువారనేకులు పనికి పోవుచున్న ఖతర్ దేశమును ఉదాహరణముగా గైకొని ఈ పాఠమును నేర్చుకొందము.

1. యుద్ధ కారణములు

1914 జూన్ 28న సారాయేవో నగరమున ఆస్ట్రియా యువరాజు హత్య చేయబడెను. అది నిప్పురవ్వ మాత్రమే. ఎండుగడ్డి అంతకుముందే పేర్చబడి యుండెను. పెద్ద రాజ్యములు రెండు కూటములుగా చీలి, నౌకాబలము కొరకును వలసరాజ్యముల కొరకును పోటీపడుచుండెను. జర్మనీ బాగ్దాదు వరకు రైలుమార్గము వేయుటకు పూనుకొనెను. బ్రిటిషు యుద్ధనౌకలు బొగ్గును విడిచి చమురునకు మారుచుండెను. ఆ చమురు పారశీక దేశమునుండి గల్ఫు సముద్రము మీదుగా రావలెను. కావున ఆ తీరము ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్న లండనునకు ముఖ్యమాయెను.

2. యుద్ధము ఖతరును తాకిన విధము

1871 నుండి ఖతరులో తురుష్క సైన్యముండెను. 1893లో షేక్ జాసిమ్ అల్ వజ్బా వద్ద దానిని ఓడించినను, దోహా కోటలో ఒక దండు నిలిచియుండెను. 1913 జూలైలో జాసిమ్ మరణించగా కుమారుడు షేక్ అబ్దుల్లా పాలకుడయ్యెను. ఖతరుపై హక్కు వదలుకొనుటకు తురుష్కులు ఆ నెలలోనే ఒప్పుకొనిరి గాని, ఆ ఒడంబడిక అమలునకు రాకమునుపే యుద్ధము వచ్చెను. 1914 నవంబరులో భారతదేశమునుండి వెళ్లిన సైన్యము బస్రాను పట్టుకొనెను. 1915 ఆగస్టులో తురుష్కులు దోహా కోటను విడిచిపోయిరి.

1916 నవంబరు 3న షేక్ అబ్దుల్లాయు, బ్రిటిషు ప్రతినిధి పెర్సీ కాక్సును సంధిపత్రముపై సంతకము చేసిరి. సముద్రముపైనుండి వచ్చు దాడులనుండి కాపాడుదుమని బ్రిటిషువారు మాట యిచ్చిరి. వారి సమ్మతి లేక పరరాజ్యములతో సంబంధము పెట్టుకొననని షేకు ఒప్పుకొనెను. అయినను మూడు షరతులను, అనగా బ్రిటిషు ప్రజల నివాసము, ప్రతినిధి, తంతితపాలాలకు సంబంధించినవానిని ఆయన అప్పటికి ఆపించెను.

3. మన చరిత్రలో ఆ సంవత్సరము

ఆ నెలలోనే, నవంబరు 11న, గిర్మిటు కూలీల కడపటి ఓడ సట్లెజ్ ఫిజీ చేరెను. మారిషసునకు 1910లోను, నేటాలునకు 1911లోను కూలీల పంపకము అంతకుముందే ఆగియుండెను. 1916 మార్చిలో మదనమోహన మాలవీయ పండితుడు గిర్మిటు రద్దును కోరగా, వైస్రాయి హార్డింజి సూత్రప్రాయముగా అంగీకరించెను గాని గడువు చెప్పలేదు. యుద్ధమునకు మనుష్యులు కావలసివచ్చినందున, 1917 మార్చిలో భారత రక్షణ చట్టము క్రింద కూలీల వలస నిషేధింపబడెను. యుద్ధము దయచేత గాక అవసరముచేత ఆ తలుపును మూసెను. మరల తెరువనీయకుండ చేసినది దేశనాయకుల ఆందోళనము. ఫిజీలో మిగిలిన గిర్మిటులు 1920 జనవరిలో రద్దయ్యెను.

4. నిలిచిన ఫలితములు

ఆర్థిక మాంద్యమును, జపాను పెంపుడు ముత్యములును ఖతరు ముత్యాల వ్యాపారమును కూల్చెను. 1935లో బ్రిటిషు కంపెనీకే చమురు హక్కు దక్కెను. 1940లో దుఖాన్ వద్ద చమురు పడెను గాని, రెండవ యుద్ధమువలన 1942లో బావులు మూయబడెను. 1949 డిసెంబరులో చమురు ఎగుమతి ఆరంభమయ్యెను. 1971 సెప్టెంబరు 3న ఖతరు స్వతంత్రమై, 1916 నాటి సంధి ముగిసెను.

చమురు సంపద పనివారిని పిలిచెను. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతములనుండి తెలుగువారు పోయిరి. యజమాని అనుమతి లేనిదే పని మారరాదను కఫాలా నిబంధన 2020లో సడలింపబడెను. 2021 మార్చి నుండి నెలకు 1000 రియాళ్ల కనీస వేతనము అమలైనది. వీరి పనిని గిర్మిటుతో సమానమనుట సరికాదు. వీరు సెలవుపై ఇల్లు చేరుదురు, ఇంటికి సొమ్ము పంపుదురు. కాని అప్పుచేసి ఏజెంటునకు చెల్లించి, చదువరాని కాగితముపై సంతకము పెట్టువాని బాధ మన ముత్తాతల బాధకు దాయాదియే. ఇంగ్లీషు ‘అగ్రిమెంటు’ అను మాటయే వారి నోట ‘గిర్మిటు’ అయ్యెను. షేకు తన పత్రములో కొన్ని షరతులను ఆపింపగలిగెను. మన వారికి ఆ అవకాశము లేకపోయెను. కావున అక్షరమును నేర్చుటయు, నేర్పుటయు మన విధి.

అభ్యాసము

1. యుద్ధమునకు హత్య నిప్పురవ్వ మాత్రమే యనుటకు కారణమేమి?
2. 1916 నవంబరులో జరిగిన రెండు సంఘటనలను తెలుపుము.
3. మీ ఇంటి పెద్దల నడిగి, మీ కుటుంబము ఏ ఓడలో, ఏ ఊరినుండి వచ్చెనో వ్రాయుము.