నూనె లేని వేపుడు: కోడి రెక్కల పాఠం

ఇటీవల మన వంటగదులలోనికి ప్రవేశించిన పరికరాలలో ఎయిర్ ఫ్రయర్ ఒకటి. ఫిలిప్స్ అనే డచ్చి సంస్థ 2010లో బెర్లిన్ నగరపు ప్రదర్శనలో దీనిని ప్రజలకు చూపినది. నేడు అనేక సంస్థలు దీనిని తయారుచేస్తున్నవి. నూనె లేకుండా వేపుడు అన్నది దీనిని గురించిన ప్రచారం. నూనె లేనిదే వేపుడు ఎట్లు సాధ్యం? విద్యార్థి అయినవాడు అడుగవలసిన ప్రశ్న ఇది. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నకు సమాధానం వెదకి, దాని ఆధారంగా కరకరలాడే కారపు కోడి రెక్కలు చేసే విధానాన్ని వివరించడానికి ప్రయత్నిస్తాను.

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురు కాలేదు. ఒక అపజయంలో ఎదురైనది. యంత్రం కొన్న మొదటి వారంలోనే బంధువులను భోజనానికి పిలిచాను. ఒక కిలో కోడి రెక్కలకు పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, మసాలా దట్టంగా పట్టించి, అన్నిటినీ ఒకేసారి బుట్టలో నింపాను. 20 నిమిషాల తరువాత బయటికి వచ్చినవి వేపుడు ముక్కలు కావు. అవి ఆవిరిలో ఉడికి, తోలు జారిపోతున్న ముక్కలు. పైనున్నవి కొంత ఎర్రబడినవి గాని, అడుగునున్న వాటిలో ఎముక దగ్గర పచ్చిదనం పోలేదు. అతిథులు ఎదురు చూస్తుండగా వాటిని మూకుడులో వేసి మళ్లీ ఉడికించవలసి వచ్చినది. మా అమ్మీ ఆ బుట్టలోకి చూచి, "బేటా, ఇది తల్నా కాదు, భూన్నా. పల్లీలను తడిపి ఎవరైనా వేయిస్తారా?" అన్నారు. యంత్రం పనితీరు ఆమెకు తెలియదు, వేయించడం తెలుసు. ఆ ఒక్క మాటలోనే ఈ పాఠమంతా ఉన్నది.

పదం, దాని అర్థం

ఉర్దూ భాషలో నూనెలో వేయించడాన్ని తల్నా అనీ, పొడి సెగ మీద వేయించడాన్ని భూన్నా అనీ వేరువేరుగా అంటారు. పూరీలకు మొదటి మాట, శనగలకు రెండవ మాట. తెలుగులో ఈ రెండు పనులకూ ఒకే క్రియ చెల్లుతున్నది. అప్పడాలను నూనెలో వేయిస్తాము. పల్లీలను, రవ్వను నూనె చుక్క లేకుండానే వేయిస్తాము. అనగా మన తెలుగు మాటలో నూనె ఉండి తీరవలెననే నియమం లేదు. ఆంగ్లంలో ఫ్రై అన్న వెంటనే నూనె స్ఫురిస్తుంది గనుక గాలితో ఫ్రై అన్నది వింతగా వినిపిస్తుంది. తెలుగువారికి అందులో వింత లేదు. మరమరాల బట్టీలో కాలిన ఇసుక చేసే పనిని ఈ యంత్రంలో కాలిన గాలి చేస్తున్నది.

ఫలితాన్ని చెప్పే మాట కూడా గమనింపదగినది. తెలుగులో కరకర, ఉర్దూలో కుర్‌కురా. రెండూ ధ్వన్యనుకరణ పదాలే. పైపొర పొడిగా, పెళుసుగా ఉన్నప్పుడు పంటి కింద విరిగి శబ్దం చేస్తుంది. తడిగా ఉన్నప్పుడు వంగుతుందే గాని విరగదు, విరగనిది పలకదు. కాబట్టి కరకర అంటే నీరు పోయినదనడానికి సాక్ష్యం.

వేడిని మోసేది ఏది?

వేపుడులో నూనె చేసే ముఖ్యమైన పని వేడిని మోయడం. 170 నుండి 190 సెంటిగ్రేడు డిగ్రీల వరకు కాగిన నూనె ముక్కను అన్ని వైపులా తాకి, ఆ వేడిని వెంటనే దానికి అందిస్తుంది. గాలి ఈ పనిలో బలహీనమైనది. 200 డిగ్రీల వేడి గల ఓవెన్‌లో చేయి పెట్టి ఒక క్షణంలో తీసివేయవచ్చును. అంతే వేడి గల నూనెలో వేలు ముంచలేము. వేడి ఒకటే అయినా మోసేవాని శక్తిలో భేదం ఉన్నది.

ఈ లోపాన్ని పూరించడానికే యంత్రంలో పంకా అమర్చారు. పైన వేడెక్కే తీగచుట్ట, దాని వద్ద వేగంగా తిరిగే పంకా, కింద చిల్లుల బుట్ట. ఇంతకుమించిన రహస్యం లేదు. రోహిణి కార్తెలో వడగాలి వీచే రోజున ఆరవేసిన బట్టలు ఎంత త్వరగా ఆరుతాయో మనకు తెలుసు. ఎండ మాత్రమే ఉండి గాలి స్తంభించిన రోజున అంత త్వరగా ఆరవు. బట్టను అంటిపెట్టుకొని ఉన్న తేమ పొరను వడగాలి క్షణక్షణం తరిమివేయడమే దీనికి కారణం. ఎయిర్ ఫ్రయర్ ఒక చిన్న గదిలో బంధించిన వడగాలి.

ఇక నీటి సంగతి. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. ముక్క ఉపరితలం మీద తడి ఉన్నంతవరకు అక్కడి వేడి అంతకు మించి పెద్దగా పెరగదు. వచ్చిన వేడి అంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. మాంసకృత్తులలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి బంగారు వర్ణాన్ని, వేపుడు వాసనను పుట్టించే చర్య సుమారు 140 డిగ్రీల పైన చురుకుగా సాగుతుంది. 1912లో దీనిని వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ పేరుతోనే దీనిని మయ్యార్ చర్య అంటారు. ముక్క ఆరనిదే ఈ చర్య మొదలు కాదు. పెరుగు పట్టించి బుట్ట నిండా కుక్కిన నా రెక్కలు ఎందుకు ఉడికిపోయినవో ఇప్పుడు చెప్పనక్కరలేదు.

రెక్కనే ఎందుకు ఎన్నుకోవాలి?

కోడి రెక్కకు మన చేతివలెనే భాగాలు ఉన్నవి. భుజం వైపు ముక్కలో ఒక ఎముక, మధ్య ముక్కలో రెండు సన్నని ఎముకలు, చివర మాంసం లేని కొస. మాంసం కొద్ది, తోలు ఎక్కువ. తోలు కింద కొవ్వు ఉంటుంది. వేడికి ఆ కొవ్వు కరిగి, తన తోలును తానే వేయిస్తుంది. కనుక నూనె లేని వేపుడు అన్నది పూర్తిగా నిజం కాదు. బయటి నూనె లేని వేపుడు అనడం న్యాయం. వంట ముగిసిన తరువాత బుట్ట అడుగున చేరిన కొవ్వే దీనికి నిదర్శనం.

ఒకప్పుడు రెక్కలను పులుసు కాచడానికి తప్ప పనికిరానివిగా చూచేవారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో నగరాన ఆంకర్ బార్ అనే భోజనశాల ఉన్నది. 1964లో అక్కడ తెరెసా బెల్లిసిమో అనే మహిళ రెక్కలను నూనెలో వేయించి, వెన్న కలిపిన మిరప రసంలో దొర్లించి వడ్డించినదని ప్రసిద్ధి. నేడు దేశదేశాలలో బఫెలో వింగ్స్ పేరుతో అమ్ముడయ్యేవి అవే. ఆమె కారాన్ని వేయించక ముందు గాక, వేయించిన తరువాత పట్టించిన సంగతిని గుర్తుంచుకోవాలి.

మన ఊళ్లలో ఒక చిక్కు ఉన్నది. కోళ్ల దుకాణాలలో సాధారణంగా తోలు ఒలిచి ఇస్తారు. కాబట్టి తోలుతోనే కావలెనని ముందుగా అడగాలి. తోలు లేని రెక్కలే దొరికితే బియ్యప్పిండి పొర, ఒక చెంచా నూనె అవసరమవుతాయి. అయినా ఆ కరకర పూర్తిగా రాదు.

చేసే విధానం

తోలుతో ఉన్న రెక్కలు 500 గ్రాములు తీసుకొని, కొసలు తీసివేసి, కీలు దగ్గర రెండుగా కోయాలి. పొడి కాగితంతో ప్రతి ముక్కను గట్టిగా అద్ది తడి తీయాలి. ఈ పనిలో బద్ధకం పనికిరాదు. తరువాత ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా మిరియాల పొడి, చిటికెడు పసుపు, ఒక పెద్ద చెంచా బియ్యప్పిండి కలిపి ముక్కలకు పలుచగా పట్టించాలి. బేకింగ్ పౌడర్ తోలుకు కొంత క్షారగుణం ఇచ్చి ఎర్రబడడాన్ని త్వరపరుస్తుంది. దానికి బదులు అదే కొలతలో వంటసోడా వేస్తే సబ్బు రుచి వస్తుంది. ముక్కలను పళ్లెంలో విడివిడిగా పేర్చి, మూత లేకుండా, ఫ్రిజ్‌లో కింది అరలో 4 గంటలు ఉంచితే తోలు ఇంకా ఆరుతుంది. కింది అర అనడానికి కారణం, పచ్చి మాంసపు రసం ఇతర ఆహారం మీద పడకుండా ఉండడం.

యంత్రాన్ని 180 డిగ్రీల వద్ద 5 నిమిషాలు ఖాళీగా వేడిచేయాలి. ముక్కలను ఒకే వరుసలో, వేలు పట్టేంత ఎడంతో పేర్చాలి. బుట్ట చిన్నదైతే రెండు వాయిలుగా వేయాలి. 12 నిమిషాల తరువాత తిరగవేసి మరి 8 నిమిషాలు, చివర 200 డిగ్రీలకు పెంచి 4 లేక 5 నిమిషాలు ఉంచాలి. యంత్రాన్ని బట్టి కాలం కొంత మారుతుంది గనుక చివరి నిమిషాలలో కన్ను దాని మీదే ఉండాలి.

ఈలోగా చిన్న మూకుడులో ఒక పెద్ద చెంచా నెయ్యి వేడిచేసి, కరివేపాకు, ఒక చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద సన్నని సెగ మీద పచ్చివాసన పోయేవరకు వేయించాలి. పొయ్యి ఆర్పి, చెంచాన్నర కారం, అర చెంచా ధనియాల పొడి కలపాలి. వేడి రెక్కలను ఇందులో దొర్లించి, కొద్దిగా నిమ్మరసం చిలకరించి వెంటనే వడ్డించాలి. ఆలస్యం చేస్తే తడి తిరిగి తోలులోకి చేరుతుంది.

కారం చివరనే ఎందుకు? మిరప పొడి 200 డిగ్రీల గాలిలో మాడి చేదెక్కుతుంది. పైగా మిరపలోని మంటకు మూలమైన క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుంది, నీటిలో కరగదు. అందుచేత నేతిలో కలిపిన కారం ముక్కకు సమంగా అంటుతుంది. మంట కోరేవారు గుంటూరు సన్నం, రంగు కోరేవారు బ్యాడగి మిరప వాడవచ్చును.

కొన్ని జాగ్రత్తలు

మొదటిది ప్రాణానికి సంబంధించినది. పైన ఎర్రబడినంత మాత్రాన లోపల ఉడికినట్లు కాదు. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే సూక్ష్మజీవులు ఉండవచ్చును. ఎముక దగ్గర 74 డిగ్రీల వేడి చేరితేనే నిర్భయంగా తినవచ్చును. వంటగది ఉష్ణమాపకం ఒకటి కొనడం మంచిది. నా మొదటి ప్రయత్నంలో పచ్చిదనాన్ని చూడకుండా వడ్డించి ఉంటే అతిథులకు ఏమి కీడు జరిగి ఉండేదో తలచుకుంటే నేటికీ జంకు కలుగుతుంది.

రెండవది, కుళాయి ధార కింద మాంసం కడిగితే తుంపరల ద్వారా ఆ జీవులు చుట్టుపక్కల పాత్రలకు పాకుతాయి. అందువలన కడగవద్దనే ఆహార నిపుణులు సలహా ఇస్తున్నారు. ఆచారం కొద్దీ కడిగి తీరవలెననుకొనేవారు గిన్నెలో నీరు పోసి, చిందకుండా మెల్లగా కడిగి, తరువాత చేతులను, తొట్టిని సబ్బుతో శుభ్రం చేయాలి.

మూడవది విద్యుత్తు. ఈ యంత్రాలలో చాలావరకు 1500 వాట్ల ప్రాంతంలో శక్తిని తీసుకుంటాయి; 25 నిమిషాలకు సుమారు 0.6 యూనిట్ అవుతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు లేనిచోట, ముఖ్యంగా వసతిగృహపు గదులలో, దీనిని వాడరాదు.

నూనె మిగులు కూడా చిన్న లాభం కాదు. ఒకసారి కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం మన ఇండ్లలోనూ, బజారులోనూ ఉన్న అలవాటు. అట్లు కాచినకొద్దీ నూనెలో హానికర పదార్థాలు పెరుగుతాయి. అందుకే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుండి టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం మించిన నూనెను వంటకు వాడరాదని నియమించినది. ఎయిర్ ఫ్రయర్‌లో మిగిలిన నూనె అనే సమస్యే లేదు. అయితే దానితో ఉప్పు, కొవ్వు మాయం కావు. మితి తప్పి తింటే యంత్రం రక్షించదు. జారుపిండితో చేసే మిరపకాయ బజ్జీలు, పునుగులు ఇందులో కుదరవు. పిండి చిల్లుల గుండా కారిపోతుంది. వాటికి మూకుడే గతి.

విద్యార్థులారా, ఒక పరికరం మీ ఇంటికి వచ్చినప్పుడు దాని పేరు ఏమి చెబుతున్నదని గాక, అది వేడిని ఎట్లు మోస్తున్నది, నీటిని ఎట్లు తీస్తున్నది అని అడగండి. ఆ సమాధానం తెలిసినవారికి వంటపుస్తకం మరచిపోయినా చేయి తప్పదు. రెండవసారి నేను ముక్కలను ఆరబెట్టి, ఎడంగా పేర్చి, రెండు వాయిలుగా వేయించాను. అమ్మీ ఒక ముక్క కొరికారు. పక్క గదిలో ఉన్న నాకు ఆ శబ్దం వినిపించినది.