కారుకూ నాలాలున్నాయి

సికింద్రాబాద్‌లో జూలై నెల. రాత్రంతా వాన కురిసింది. బస్తీలో వేపచెట్టు కింద ఒక ట్యాక్సీ నిలిపి ఉంది. తెల్లవారి డ్రైవరు డోరు తీశాడు. ముక్కిన వాసన గుప్పున కొట్టింది. ముందు ఎడమ సీటు దగ్గర నీళ్ళు నిలిచాయి. స్టేషను కిరాయి పోయింది.

కారును రాణిగంజ్‌లో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు.

"ఉస్తాద్, అద్దాలన్నీ ఎక్కించే ఉన్నయి. డోర్లు మూసే ఉన్నయి. నీళ్ళెట్ల వచ్చినయి?"

ఉస్తాద్ లోపలికి చూడనే లేదు. బానెట్ ఎత్తాడు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉన్న జాలీ తీశాడు. పిడికెడు కుళ్ళిన వేపాకు, బురద బయటపడ్డాయి.

"ఇగో, నీ కారు నాలా నిండింది" అన్నాడు.

పికెట్ నాలా వాన నీటిని హుస్సేన్ సాగర్‌కు చేరుస్తుంది. నాలాకు చెత్త అడ్డుపడితే నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. కారులోనూ అంతే.

కారు రేకుల మధ్యకు నీటి చుక్క కూడా రాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కొంత నీరు వస్తుంది. వచ్చిన నీరు పోవడానికి కంపెనీవాళ్ళు దారులు పెడతారు. చెరువుకు తూము పెట్టినట్టే.

ఎంత నీరు వస్తుందో లెక్క చూద్దాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చోట ఒక సెంటీమీటరు వాన పడితే 10 లీటర్లు. అంటే దాదాపు బిందెడు! ముందు అద్దం మీద పడిన నీళ్ళలో చాలా భాగం జారి ఆ జాలీలోకే పోతుంది. జాలీ కింద రేకు తొట్టి ఉంటుంది. తొట్టి చివర్ల రంధ్రాలుంటాయి. నీరు వాటిగుండా కిందికి దిగి నేల మీద పడుతుంది. లోపలికి గాలి పోయే దారి కూడా ఆ తొట్టిలోనే ఉంటుంది. రంధ్రాలు మూసుకుంటే నీరు ఆ గాలి దారి ఎక్కి సీటు కిందికి దిగుతుంది. ఈ డ్రైవరుకు జరిగింది ఇదే.

డోరు సంగతి వేరు. కిటికీ అద్దం పక్కన రబ్బరు పట్టీ ఉన్నా, కొంత నీరు డోరు లోపలికి జారుతుంది. డోరు అడుగున రెండు మూడు సన్నని రంధ్రాలుంటాయి. అవి దుమ్ముతో మూసుకుంటే నీరు లోపలే నిలుస్తుంది. డోరు వేసినప్పుడు గలగలమని చప్పుడొస్తుంది. రేకు లోపలినుంచి తుప్పు పడుతుంది. పైన రంగు పొక్కులు లేచేసరికి లోపల రేకు సగం తినేసి ఉంటుంది!

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కు డోర్ల పైన ఇంటి చూరులాంటి పట్టీ కనిపించేది. ఇప్పటి కార్లలో ఈ దారులు చాలావరకు కంటికి కనపడవు. డిక్కీ చుట్టూ కాలువ ఉంటుంది. పైకప్పుకు అద్దం తలుపు ఉన్న కార్లలో మూలల నుంచి సన్నని గొట్టాలు కిందికి దిగుతాయి.

వీటిని శుభ్రం చేయడానికి ఖర్చేమీ లేదు. వానలకు ముందు ఆకులు చేత్తో ఏరేయాలి. మెత్తని ప్లాస్టిక్ తీగతో రంధ్రం పొడవాలి. ఇనుప చువ్వ వాడొద్దు. రంగు గీరుకుపోతే అక్కడే తుప్పు మొదలవుతుంది. గొట్టాల్లోకి గాలి గట్టిగా కొట్టించినా తప్పే. లోపల అతుకు ఊడితే నీరు పైకప్పులోంచి కారుతుంది. తర్వాత చెంబుతో నీళ్ళు మెల్లగా పోసి చూడాలి. కింద ధార పడితే దారి బాగున్నట్టు. కారు అడుగున రబ్బరు బిరడాలు పెట్టిన రంధ్రాలు కూడా ఉంటాయి. అవి నీరు పోయే దారులు కావు. వాటిని తీయొద్దు.

వాన లేని రోజుల్లో కింద తడి కనిపిస్తే ఏసీ నీటి గొట్టం చూడాలి.

ఉస్తాద్ కింద పరిచిన కార్పెట్ ఎత్తాడు. దాని కింద స్పంజి నీళ్ళు పీల్చి ఉబ్బింది. వైర్ల జాయింట్లు పచ్చబడ్డాయి. రేకు మీద ఎర్రటి మచ్చలు.

"రేకు ఇంకా గట్టిగనే ఉన్నది. స్పంజి తీసి రెండు రోజులు ఎండబెట్టు. తడి మీదనే పరిస్తే రేకు ఖతం" అన్నాడు.

డ్రైవరు ఇప్పటికీ ఆ చెట్టు కిందే కారు పెడతాడు. ఎండాకాలం ఆ నీడ వదులుకోలేడు. ఆదివారం కారు కడిగేటప్పుడు ముందుగా జాలీలో ఆకులు ఏరతాడు.