వయ్యారిభామను తినే పురుగు

మనం వయ్యారిభామ అంటాం, మా వీధిలో కన్నడం వాళ్ళు కాంగ్రెస్ గిడ అంటారు. ఈ కలుపును మేయడానికి మెక్సికో పెంకుపురుగును తెచ్చి 1984లో బెంగళూరులో వదిలారు. దీన్నే జీవనియంత్రణ అంటారు. వానాకాలంలో ఆకులు బాగానే మేస్తుంది, వానలు పోగానే మట్టిలోకి దూరి పడుకుంటుంది. మొక్క మాత్రం కాస్త తడి దొరికితే చాలు, మళ్ళీ పూస్తుంది! అంటే ఈ పురుగుకు ఇంకో తోడు కావాలి. ఆస్ట్రేలియాలో కాండం తొలిచే చిమ్మటను కూడా వదిలారు. దాన్నే ఇక్కడ పరీక్షిస్తే వెర్రినువ్వుల మొక్కమీద కూడా పెరిగింది, అందుకే వదల్లేదు. వెర్రినువ్వులంటే మా ఇంట్లో పొడి కొట్టుకునే హుచ్చెళ్ళే. వదిలాక మళ్ళీ పట్టుకోలేం కనుక ఆ నిర్ణయమే సరైనదని నాకనిపిస్తుంది. రేపు ఏ పురుగును తెచ్చినా ముందు మన పంటలమీద పరీక్షించాలి, ఆలస్యమైనా సరే. అంతదాకా పూత రాకముందే పీకెయ్యడమే. ఒట్టి చేతులతో మాత్రం వద్దు, దురద!