నేలమీది చమురు చుక్క

ఉద్దేశం: నిత్యజీవితంలో వాడుకొనే యంత్రాన్ని పరిశీలించి, దాని లోపాన్ని గుర్తించి, తన శక్తిమేరకు సరిదిద్దుకొనే నేర్పును, ఆ శక్తికి గల హద్దును విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

చక్రం తిరిగినచోట రాపిడి ఉంటుంది. రాపిడి ఉన్నచోట వేడి పుడుతుంది. ఆ వేడిని, ఆ అరుగుదలను అరికట్టేది కందెన. ఎద్దులబండి తోలే రైతు వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి ఇరుసుకు పూసేవాడు. కందెన ఆరిపోతే బండి కీచుమని మొరపెట్టుకొనేది. ఆముదం విలువను పాశ్చాత్యులు కూడా గ్రహించారు. 1909లో ఇంగ్లండులోని చార్లెస్ వేక్‌ఫీల్డ్ సంస్థ ఆముదం కలిపిన ఇంజను నూనెను తయారుచేసి దానికి 'క్యాస్ట్రాల్' అని పేరు పెట్టింది. ఆముదానికి ఆంగ్లంలో ఉన్న 'క్యాస్టర్' అనే పేరే ఆ మాటకు మూలం. బండి మారింది, కందెన మారింది. కాని కందెన అవసరం మాత్రం మారలేదు.

బండి స్థానంలో పల్లెలకు వచ్చిన వాహనాలలో జీపు ముఖ్యమైనది. 1945లో లుధియానాలో ఉక్కు వ్యాపారంతో మొదలై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకొన్న సంస్థ, 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పును ప్రారంభించింది. ఆ తరువాత 1994లో టాటా సుమో, 2000లో మహీంద్రా బొలెరో వచ్చాయి. గతుకుల బాటలను, బరువులను తట్టుకొనే ఈ వాహనాలను పల్లెవాసులు ఇరవై ఏళ్లు దాటినా విడిచిపెట్టరు. అవి వారికి కేవలం వాహనాలు కావు. వ్యవసాయంలో పాలుపంచుకొనే తోడు.

చిత్తూరు నుండి పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లే దారిలో ఉన్నది బంగారుపాళ్యం. తోతాపురి మామిడికి పేరుపొందిన సంతస్థలమది. కాయ కోతకు వచ్చే జూన్, జూలై మాసాలలో అక్కడి రైతుకు క్షణం తీరిక దొరకదు. అటువంటి ఒక రైతు ఇంటి ముంగిట పాత జీపు ఉన్నదని ఊహించుకుందాం. తెల్లవారి బండి తీయగానే, అది నిలిచిన చోట నేలమీద నల్లని చమురు మరక కనిపించింది. 'పాత బండికి ఇది మామూలే' అని ఆయన అనుకొనవచ్చు. కాని ఆ చుక్క యంత్రం పంపిన ఫిర్యాదు. దానిని చదవడం నేర్చుకోవాలి.

మొదట చుక్క రంగును, వాసనను గమనించాలి. గోధుమ లేక నలుపు రంగులో ఉంటే అది ఇంజను నూనె. చిక్కగా ఉండి గంధకపు వాసన వస్తే అది గేరు నూనె. పలుచగా, లేత రంగులో ఉండి వాహనం రంగును సైతం ఊడగొట్టగలిగినది బ్రేకు నూనె. ఆకుపచ్చగానో గులాబి రంగులోనో నీటివలె జారేది రేడియేటరు ద్రవం. వైద్యుడు నాడి పట్టిన తరువాతనే మందు నిర్ణయిస్తాడు. యంత్రానికీ అదే న్యాయం.

రెండవది, కారుతున్న చోటును కనుగొనడం. ఇక్కడే చాలామంది పొరబడతారు. నూనె పైన ఎక్కడో ఊరి, కిందికి జారి, ప్రయాణంలో వీచే గాలికి వెనుకకు పాకుతుంది. కాబట్టి చుక్క రాలిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు. చల్లారిన ఇంజనును శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, కొద్ది దూరం నడిపి, బండి కింద తెల్లని అట్టముక్క పరచాలి. తరువాత దీపం పట్టి చూసినప్పుడు తడిసిన భాగాలలో అన్నిటికంటె పైన ఉన్నదే సాధారణంగా లోపానికి మూలం.

ఆ మూలం చాలాసార్లు చిన్నదే. ట్యాపెట్ కవరు కింది ప్యాకింగు ఏళ్ల తరబడి వేడికి ఎండి బిరుసెక్కి ఉండవచ్చు. నూనె మార్చినప్పుడు డ్రైను నట్టు కింది వాషరు మార్చకపోయి ఉండవచ్చు. ఆయిల్ ఫిల్టరు వదులై ఉండవచ్చు. లేదా ఇంజను లోపలి ఆవిరిని బయటికి పంపే బ్రీదరు పైపు మూసుకొనిపోయి, లోపలి ఒత్తిడి నూనెను సందులలోనుండి నెట్టుతూ ఉండవచ్చు. అటువంటప్పుడు పైపును శుభ్రం చేయక ఎన్ని ప్యాకింగులు మార్చినా ఫలితం ఉండదు. కారణాన్ని విడిచి కార్యాన్ని సరిదిద్దబోవడం వృథాశ్రమ.

ప్యాకింగు మార్చడం ఓపికతో కూడిన పని. పాత ప్యాకింగు అవశేషాలను లోహానికి గీతలు పడకుండా గీకివేయాలి. రెండు అంచులనూ తుడిచి, కొత్తదానిని సరిగా కూర్చాలి. బోల్టులను మధ్యనుండి అంచులకు, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. బలమున్నదికదా అని ఒకేచోట బిగిస్తే పలుచని రేకు వంగి కారుడు మరింత పెరుగుతుంది. అతికించే జిగురును దట్టంగా పూసినా ముప్పే. లోపలికి పొంగిన జిగురు ముక్కలు నూనెలో కలిసి, పంపుకు నూనె అందించే జల్లెడను మూసివేయగలవు. కొలత మించితే మేలు కూడా కీడవుతుంది.

పని చేసేటప్పుడు ప్రాణరక్షణకు కొన్ని నియమాలు తప్పవు. బండిని సమతలంపై నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టాలి. కేవలం జాకీని నమ్మి బండి కిందికి దూరరాదు. గట్టి స్టాండ్లు ఉండాలి. ఇటుకలు హఠాత్తుగా పగులుతాయి కనుక వాటిని ఆధారంగా పెట్టరాదు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు నూనె దించరాదు.

ఇంతవరకు ఇంటివద్ద చేయదగిన పనులు. ఇక హద్దు ఎక్కడ? బంగారుపాళ్యం, పలమనేరుల నడుమ మొగిలి కనుమ ఉన్నది. పలమనేరు వైపునుండి దిగివచ్చే వాహనానికి బ్రేకే ప్రాణాధారం. వెనుక ఇరుసు చివర ఉండే ఆయిల్ సీలు అరిగితే గేరు నూనె బ్రేకు డ్రమ్ములోకి చేరి లైనర్లను తడుపుతుంది. అప్పుడు పెడలు తొక్కినా పట్టు చిక్కదు. చక్రం లోపలివైపు తడి కనిపించినా, బ్రేకు నూనె మట్టం తగ్గినా, ఆ బండిని కదపకుండా అనుభవజ్ఞుడైన మెకానిక్కును పిలిపించాలి. నూనెలో నానిన లైనర్లను తుడిచి వాడరాదు, కొత్తవి వేయించాలి. ఆనాడు సంతలో ధర పోయినా మరునాడు సంపాదించవచ్చు; కనుమలో పోయిన ప్రాణం తిరిగి రాదు. తెలిసిన పని చేయడం నేర్పు. తెలియని పని దగ్గర ఆగడం వివేకం.

ప్రయాణంలో నూనె ఒత్తిడిని సూచించే ఎర్రదీపం వెలిగితే వెంటనే ఇంజను ఆపాలి. 'ఊరు చేరిన తరువాత చూద్దాం' అనుకొంటే ఆలోగా బేరింగులు మాడిపోవచ్చు. వారానికొకసారి, సమతలంపై, ఇంజను ఆపిన కొన్ని నిమిషాల తరువాత కొలకడ్డీతో నూనె మట్టం చూసుకొంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

దించిన పాత నూనెను ఏమి చేయాలి? కాలువలోనో చేనిగట్టునో పారబోయడం తగదు. బావులను, బోర్లను నమ్ముకొన్న ఆ మెట్టప్రాంతంలో భూగర్భజలమే బతుకు. వాడిన నూనెను 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమావళి ప్రమాదకర వ్యర్థంగా పరిగణిస్తున్నది. మూతగల డబ్బాలో భద్రపరచి, అనుమతి పొందిన సేకరణదారులకు చేర్చే గ్యారేజీకి అప్పగించాలి.

యంత్రాన్ని స్వయంగా విప్పి నేర్చుకొన్నవారికి ఉజ్జ్వల నిదర్శనం జి.డి. నాయుడు. 1893లో కోయంబత్తూరు ప్రాంతంలో తెలుగు రైతు కుటుంబంలో జన్మించిన ఆయన, పెద్ద చదువు చదవలేదు. ఒక ఆంగ్ల అధికారి నడిపిన మోటారు సైకిలును చూచి ముగ్ధుడై, హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొన్నాడు. భాగాలు విప్పి, తిరిగి కూర్చి, దాని మర్మం గ్రహించాడు. 1920లో ఒక బస్సును కొని పొల్లాచ్చి, పళనిల మధ్య నడిపాడు. తరువాత ఎన్నో యంత్రాలను రూపొందించి, 1974లో కన్నుమూశాడు. ఆయనకు తొలి గురువు ఆ విప్పిన యంత్రమే.

బంగారుపాళ్యం రైతు ముంగిట రాలిన చమురు చుక్క కూడా అటువంటి గురువే. దానిని కాలితో చెరిపివేసినవాడికి అది మరక. వంగి పరిశీలించినవాడికి అది పాఠం.

అర్థాలు
కందెన = ఇరుసుకు పూసే జిడ్డు పదార్థం
ముంగిలి = ఇంటి ముందరి భాగం
కనుమ = కొండల నడుమ దారి
నిదర్శనం = ఉదాహరణ
మర్మం = రహస్యం

అభ్యాసం
1. చమురు చుక్క రాలిన చోటు, పుట్టిన చోటు వేరుకావడానికి కారణమేమి?
2. 'కొలత మించితే మేలు కూడా కీడవుతుంది' అనే వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.
3. స్వయంగా మరమ్మతు చేసుకొనేవారు ఎక్కడ ఆగాలి? ఎందుకు?
4. మీ ఇంటిలోని ఒక పాత యంత్రాన్ని పరిశీలించి, దాని లోపాన్ని గురించి పది వాక్యాలలో రాయండి.