నీరు రాని వేళ గొట్టంలో జరిగేది

లడఖ్ వంటి శీతల ప్రాంతాలలో చలికాలం వచ్చిందంటే ఇంటి నీటి గొట్టాలను కాపాడుకోవడమే పెద్ద పని. గడ్డకట్టేటప్పుడు నీటి ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఇనుప గొట్టమైనా పగులుతుంది. మన కర్ణాటక పట్టణాలకు ఆ బెడద లేదు. మన గొట్టాలకు ముప్పు వాటిలో నీరు గడ్డకట్టినందున కాక, నీరు లేనందున వాటిల్లుతుంది. అది చప్పుడు చేయదు, గోడను తడపదు. కొన్ని వారాల తరువాత ఇంట్లో ఎవరికో కామెర్ల రూపంలో బయటపడుతుంది.

నీరు వదిలిన వేళ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. ఎక్కడైనా బీట ఉంటే అందులోనుంచి నీరు వెలుపలికి చిమ్ముతుందే గాని, వెలుపలిది లోనికి రాలేదు. వాల్వు కట్టివేసిన తరువాత గొట్టంలో మిగిలిన నీరు పల్లపు వీధుల కొళాయిలలోకి జారిపోతుంది. ఖాళీ అయిన గొట్టం వెలుపలి తేమను లోనికి పీల్చుకుంటుంది. నిన్న మంచినీరు కారిపోయిన ఆ బీటలోనుంచే నేడు పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. మళ్ళీ నీరు వదిలినప్పుడు అన్నిటికంటే ముందు మన బిందెలోకి వచ్చేది ఆ మురుగే.

ఇది ఊహ కాదు. హుబ్బళ్ళి-ధారవాడ జంట నగరాలలో 2010, 2011 సంవత్సరాలలో పరిశోధకులు కొళాయి నీటిని పరీక్షించారు. అప్పటికి అక్కడ కొన్ని వార్డులకు ఇరవైనాలుగు గంటలూ, తక్కిన వార్డులకు కొన్ని రోజులకొకసారీ నీరు వచ్చేది. ఆగి ఆగి వచ్చే కొళాయిల నమూనాలలో 31.7 శాతంలో, మలంతో నీరు కలుషితమైనదని తెలిపే ఇ.కోలి సూక్ష్మజీవి కనిపించింది. నిరంతర సరఫరా గల కొళాయిలలో అది 0.7 శాతం మాత్రమే. నీరు వదిలిన తొలి నిమిషాలలోనూ, ఒత్తిడి తగ్గిన వేళలలోనూ కాలుష్యం అధికమని కూడా తేలింది. నిరంతర సరఫరా అన్ని వీధులకూ అందేదాకా, గొట్టం ఖాళీగా ఉండే గంటలను తట్టుకొనే ఏర్పాటు మన ఇంటి వద్దనే చేసుకోక తప్పదు.

వీధి ప్రధాన గొట్టం నుంచి ఇంటి కొళాయి దాకా వచ్చే సన్నని గొట్టాన్ని మనం సాధారణంగా పట్టించుకోము. చాలా పట్టణాలలో దాని మరమ్మతు బాధ్యత గృహస్థునిదే. అది ఏ దారిన వస్తున్నదో ఇంటి యజమానులలో చాలామందికి తెలియదు. దగ్గరి దారి గదా అని వాకిటి మోరీలోనుంచే దానిని లాగిన ఇళ్ళు పాత వీధులలో లెక్కకు మిక్కిలి. తుప్పుపట్టిన చోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించడం మరొక అలవాటు. ఆ కట్టు లోపలినుంచి వచ్చే నీటిని కొంతకాలం ఆపుతుంది. వెలుపలి మురుగును ఆపుతుందన్న నమ్మకం మాత్రం పెట్టుకోరాదు. గొట్టాన్ని మోరీ నుంచి తప్పించి వేయించడమే సరైన మార్గం. దాటించక తప్పని చోట మురుగు మట్టానికి పైగా, మరొక పెద్ద గొట్టంలో దూర్చి, ఆ భాగంలో అతుకు లేకుండా వేయమని ప్లంబరుకు చెప్పాలి.

బీట ఉన్నదో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నీరు వచ్చే సమయంలో ఇంటిలోని కొళాయిలన్నీ కట్టి మీటరును చూడండి. ముల్లు తిరుగుతూ ఉంటే మీటరుకు ఇవతల కారుతున్నట్టే. అవతలి భాగానికి మోరీయే సాక్షి: నీరు వదిలిన గంటలలో మాత్రమే అందులో తేటనీరు పారుతుంటే ఆ వీధిలో ఎవరిదో ఒకరి గొట్టం పగిలింది.

ఇక మోటారు సంగతి. వీధి గొట్టానికే నేరుగా మోటారు బిగించి నీరు లాగడం నిబంధనలకు విరుద్ధమని తెలిసినా, దానిని తప్పుగా ఎంచేవారు తక్కువ. పొరుగువారి వంతు నీరు లాగుతున్నామన్న సంకోచం ఎటూ లేదు. తమ బిందెలోకి ఏమి లాగుతున్నారో అదైనా తెలుసుకోవాలి. మోటారు పీల్చినప్పుడు, నీరు పారుతున్న గొట్టంలో సైతం ఒత్తిడి పడిపోతుంది. తమ గొట్టపు బీటలలోనుంచే గాక, పక్క ఇంటి బీటలలోనుంచి కూడా మురుగు లోనికి వస్తుంది. నీరు తనంతట తాను సంపులోకి పడాలి. మోటారు సంపు నుంచి మేడమీది తొట్టికి ఎక్కించాలి. సంపు నిండినా కొళాయి మూతి నీటిలో మునగరాదు.

ఒత్తిడి చాలక వాకిట గొయ్యి తవ్వి, అడుగున కొళాయి పెట్టుకొనే ఇళ్ళు ఉన్నాయి. గిన్నెలు తోమిన నీరు ఆ గోతిలోనే నిలిస్తే, సరఫరా ఆగినప్పుడు గొట్టం ఆ నీటినే తిరిగి పీల్చుకుంటుంది. గొయ్యి తప్పనిసరైతే అడుగును, అంచులను గచ్చు చేయించి, నీరు నిలవకుండా చూడాలి. పట్టడం ముగియగానే కొళాయిని గట్టిగా కట్టివేయాలి.

నీరు వదిలిన తొలి కొద్ది నిమిషాలలో పట్టినది మొక్కలకు, వాకిలి కడగడానికి వాడండి. తాగే నీటిని ఆ తరువాతనే పట్టండి. వాసన, రంగు, నలుసు కనిపించిన రోజున ఆ నీరు తాగరాదు. తేటగా ఉన్నంత మాత్రాన మంచిదనీ కాదు. కొళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం. పురపాలక సిబ్బంది కొళాయి వద్దనే మందు చుక్కలు వేసి రంగును బట్టి దీనిని చూడగలరు, అడిగి చేయించుకోండి. సంపులోని తేట నీటికైతే, 1000 లీటర్లకు 2.5 గ్రాముల నాణ్యమైన బ్లీచింగ్ పొడిని బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత పైతేటను మాత్రమే పోసి, గంటసేపు ఆగాలి.

అయితే క్లోరిన్ మీదనే భారం వేయరాదు. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలలలో ఢిల్లీ నగరపు నీటిలో మురుగు కలిసి సుమారు 29 వేలమందికి కామెర్లు సోకాయి. క్లోరిన్ మోతాదు పెంచినందున టైఫాయిడ్ వంటివి పెచ్చరిల్లలేదు గాని, కామెర్ల వైరస్ ఆగలేదు. అది హెపటైటిస్-ఇ అని తరువాత తేలింది. గర్భిణులకు ఈ వ్యాధి ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి అనుమానం కలిగిన క్షణం నుంచి నీటిని కళపెళ మరిగించి, ఒక నిమిషమైనా అలాగే ఉంచి, చల్లార్చి మూతపెట్టి తాగాలి.

ఫిర్యాదులో ఇంటి సంఖ్య, నీరు వచ్చే వేళ, మురికి మొదటి బిందెలోనే వస్తున్నదా, చివరిదాకా వస్తున్నదా, పొరుగు ఇళ్ళలోనూ ఉన్నదా అన్న వివరాలు రాయండి. పగిలిన చోటును వెదకడానికి అవే దారి చూపుతాయి. మరమ్మతు ముగిసిన తరువాత ఒక వంతు నీటిని పూర్తిగా పారబోసి, సంపును, మేడమీది తొట్టిని తోమి కడిగి, ఆ పిమ్మటనే తాగడానికి పట్టుకోండి.