నల్ల షేల్ రాతిలో బొగ్గుపులుసు వాయువు: లోపలికి ఎంత, బయటికి ఎంత?



కృష్ణగిరి, డెంకణికోట వైపు క్వారీల నుండి నల్ల గ్రానైట్ దిమ్మెలు వేసుకొని వచ్చే లారీలను మనం తరచు చూస్తుంటాం. ఈ పాఠం కూడా ఒక నల్లరాయి గురించే. దాని పేరు షేల్. ఫ్యాక్టరీలు, థర్మల్ విద్యుత్ కేంద్రాలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను, అంటే మన పెద్దలు బొగ్గుపులుసు వాయువు అనే దానిని, ఈ రాతిలో దాచవచ్చని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అలా దాచేటప్పుడు రాతిలోని సహజవాయువు కూడా ఎక్కువగా బయటికి వస్తుందట. ఒకే పనికి రెండు లాభాలు అన్నమాట. ఇలాంటి మాట విన్నప్పుడు చదువుకున్నవారు చేయవలసిన మొదటి పని లెక్క వేసి చూడడం. ఈ పాఠం ఉద్దేశం అదే.

మన నల్లరాయి వేరు, షేల్ వేరు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో మన కాళ్ల కింద ఉన్నది ఎక్కువగా నైస్, గ్రానైట్ రాయి. దీని వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. దానిలోని పగుళ్లలోకి కరిగిన శిలాద్రవం చొచ్చుకువచ్చి చల్లబడగా డోలరైట్ ఏర్పడింది. వ్యాపారంలో నల్ల గ్రానైట్ అని అమ్మేది చాలావరకు ఇదే. ఇవన్నీ భూమి లోపలి వేడిలో ఏర్పడిన గట్టి రాళ్లు. బోరు వేస్తే పగుళ్లలో మాత్రమే నీరు దొరుకుతుందని మన రైతులందరికీ తెలుసు. వీటిలో వాయువును దాచే చోటు లేదు.

షేల్ నీటిలో పుట్టిన రాయి. పూర్వం సముద్రాల, సరస్సుల అడుగున సన్నని బురద పేరుకొని, పైబరువుకు గట్టిపడి, పొరలు పొరలుగా మారింది. ఆ బురదలో నాచు, మొక్కల అవశేషాలు కుళ్లిపోకుండా మిగిలిపోతే రాయి నల్లగా ఉంటుంది. ఆ జీవపదార్థమే భూమి వేడికి కోట్ల సంవత్సరాలలో మారి సహజవాయువు అయింది. సహజవాయువులో ముఖ్యమైనది మీథేన్. సి.ఎన్.జి. ఆటోలో మండేది అదే.

వాయువు రాతిని అంటుకొని ఉండడం

షేల్‌లోని రంధ్రాలు నానోమీటర్ల కొలతలో ఉంటాయి. కొంత వాయువు ఆ రంధ్రాలలో స్వేచ్ఛగా ఉంటుంది. మిగిలినది జీవపదార్థం ఉపరితలానికి అంటుకొని ఉంటుంది. దీనిని అధిశోషణం అంటారు. స్పాంజి నీటిని తనలోకి పీల్చుకోవడం శోషణం. నీళ్ల ఫిల్టరులోని బొగ్గు వాసనలను తన పైభాగానికి పట్టి ఉంచడం అధిశోషణం. ఈ తేడా పరీక్షలలో కూడా అడుగుతారు, గుర్తుంచుకోండి.

షేల్‌కు మీథేన్ కంటే కార్బన్ డయాక్సైడ్ మీద ఆకర్షణ ఎక్కువ. పైగా కార్బన్ డయాక్సైడ్ అణువు కొలత సుమారు 0.33 నానోమీటర్లు, మీథేన్‌ది 0.38. చిన్నది కనుక ఇరుకు రంధ్రాలలోకి సులువుగా దూరుతుంది. సీట్లన్నీ నిండిన బెంగళూరు బస్సులోకి రిజర్వేషన్ టికెట్టు ఉన్నవారు ఎక్కితే, ముందు కూర్చున్నవారు లేచి సీటు ఇవ్వవలసిందే కదా! అలాగే కార్బన్ డయాక్సైడ్ వచ్చి అంటుకుంటుంది, మీథేన్ లేచి బయటికి వస్తుంది.

దీనికి లోతు కూడా కావాలి. ఉష్ణోగ్రత 31 డిగ్రీల సెల్సియస్, పీడనం సుమారు 73 అట్మాస్ఫియర్లు దాటితే కార్బన్ డయాక్సైడ్ ద్రవంలా చిక్కబడి తక్కువ చోటులో ఇముడుతుంది. భూమిలో సుమారు 800 మీటర్ల లోతుకు వెళితే ఈ స్థితి వస్తుంది.

ఎక్కడ చేసి చూశారు?

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో భూగర్భ సర్వే శాఖ అక్కడి డెవోనియన్ కాలపు నల్ల షేల్ నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించి 2005లో నివేదిక ఇచ్చింది. ఆ షేల్ మీథేన్ కంటే సుమారు 5 రెట్లు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుందని తేలింది. ఆ రాష్ట్రపు షేల్‌లో దాదాపు 2,800 కోట్ల టన్నులు పట్టవచ్చని అంచనా వేశారు.

ప్రయోగశాలలో జరిగింది భూమిలో జరుగుతుందా? 2014లో టెనెసీ రాష్ట్రంలోని మోర్గన్ కౌంటీలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఒక షేల్ బావిలోకి సుమారు 510 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పంపారు. బావిని కొన్ని నెలలు మూసి ఉంచి, తరువాత తెరిచారు. గ్యాస్ ఉత్పత్తి ముందుకంటే పెరిగింది. పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత గ్యాస్‌తోపాటు తిరిగి వచ్చింది, మిగిలినది రాతిలో ఉండిపోయింది. ఈ "కొంత తిరిగి వచ్చింది" అన్న మాట దగ్గరే మన లెక్క మొదలవుతుంది.

లెక్క వేద్దాం

మీథేన్ అణుభారం 16, కార్బన్ డయాక్సైడ్ అణుభారం 44. ఒక మీథేన్ అణువు మండితే ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు వస్తుంది. అంటే 16 కిలోల మీథేన్ కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

1. ఒక్కొక్క మీథేన్ అణువుకు 5 కార్బన్ డయాక్సైడ్ అణువులు రాతిలో చేరాయనుకుందాం. 16 కిలోల మీథేన్ తీసి, 5 × 44 = 220 కిలోలు దాచాం.

2. తీసిన మీథేన్‌ను ఎవరో ఒకరు కాలుస్తారు. 220 – 44 = 176 కిలోలు మిగులు.

3. తవ్వకంలో, పైపులలో మరొక 1 కిలో మీథేన్ గాలిలోకి జారిపోయిందనుకుందాం. 100 సంవత్సరాల లెక్కలో మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 28 రెట్లు. 176 – 28 = 148 కిలోలు.

4. పంపిన 220 కిలోలలో సగం, అంటే 110 కిలోలు, తిరిగి వచ్చి గాలిలో కలిసిపోతే? 148 – 110 = 38 కిలోలు.

5. పొగగొట్టం దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ను వేరు చేయడానికి, ఒత్తిడి పెంచి భూమిలోకి పంపడానికి కరెంటు కావాలి. ఆ కరెంటు కోసం బొగ్గు కాల్చగా వచ్చేది 38 కిలోలు దాటితే, మనం దాచినది ఏమీ లేదు. నష్టమే.

మొదటి వరుసలో 220, చివరి వరుసలో సున్నా కంటే తక్కువ. 3, 4 వరుసల అంకెలు మనం ఊహించుకున్నవే, కానీ పద్ధతి నిజమైనది. తిరిగి వచ్చిన వాయువును పట్టి మళ్లీ లోపలికి పంపితే, లీకులు ఆపితే లాభం నిలుస్తుంది. కాబట్టి ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అని అడగడం కంటే, ఎంత జాగ్రత్తగా చేస్తున్నారు అని అడగడం సరైనది.

గోదావరి, కావేరి సంగతి

మన తెలుగు నేలలో షేల్ ఉన్న ముఖ్యమైన చోటు కృష్ణా–గోదావరి బేసిన్. అక్కడ భూగర్భంలో రాఘవాపురం షేల్, కొమ్ముగూడెం పొరలు ఉన్నాయి. భారతదేశంలో తీయగలిగిన షేల్ గ్యాస్ 96 లక్షల కోట్ల ఘనపుటడుగులని అమెరికా ఇంధన సమాచార సంస్థ 2013లో అంచనా వేసింది. అందులో సగానికి పైగా ఈ బేసిన్‌లోదే. ఇది అంచనా మాత్రమే. మన దేశంలో షేల్ గ్యాస్ ఇంకా వాణిజ్య స్థాయికి రాలేదు.

కావేరి డెల్టా కింద కూడా షేల్ ఉంది. అయితే షేల్‌ను పగలగొట్టడానికి ఎక్కువ ఒత్తిడితో చాలా నీరు పంపాలి. సాగునీటి మీద బతికే రైతులకు ఇది చిన్న విషయం కాదు. తమిళనాడు ప్రభుత్వం 2020లో చట్టం చేసి తంజావూరు, తిరువారూరు, నాగపట్టణం జిల్లాలలోను, మరికొన్ని పక్క ప్రాంతాలలోను షేల్ గ్యాస్‌తో సహా కొత్త చమురు, వాయు అన్వేషణను నిషేధించింది.

భద్రత మాట కూడా చెప్పుకోవాలి. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావిలో గ్యాస్ ఎగదన్ని, మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. కార్బన్ డయాక్సైడ్ మండదు, కానీ గాలికంటే బరువు. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, సతార్షియా గ్రామం దగ్గర కార్బన్ డయాక్సైడ్ పైపు పగిలి, వాయువు పల్లంలోకి చేరి, 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. పైపులో తడి ఉంటే ఈ వాయువు ఆమ్లంగా మారి ఉక్కును తినేస్తుంది. కనుక ముందే తేమ తీసివేయాలి.

తల్లిదండ్రులకు ఒక మాట

"జియాలజీ చదివితే ఉద్యోగం ఏముంది?" అని చాలామంది అడుగుతారు. మన దగ్గర బోరు ఎక్కడ వేయాలో చెప్పేదీ, క్వారీ రాయిని గుర్తించేదీ, ఈ పాఠంలోని పని చేసేదీ ఆ చదువే. ప్లస్ టూలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు తీసుకున్నవారికి దారి తెరిచి ఉంటుంది. సేలంలోని పెరియార్ విశ్వవిద్యాలయం, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయాలలో జియాలజీ విభాగాలు ఉన్నాయి. పెట్రోలియం ఇంజనీరింగ్ కోరేవారికి ధన్‌బాద్ ఐ.ఐ.టి., విశాఖపట్నంలో 2016లో మొదలైన పెట్రోలియం, ఇంధన సంస్థ ఉన్నాయి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961 నుండి పరిశోధన చేస్తోంది. ఆడపిల్లలు కూడా ఈ రంగంలోకి రావాలి. రేపు ఏదైనా ఊరిలో ఇలాంటి బావి తవ్వుతామని ఎవరైనా వచ్చినప్పుడు, వారి కాగితం చూసి అయిదో వరుస ఎక్కడ అని అడగగలిగినవారు ఆ ఊరి పిల్లలలోనే ఉండాలి.

అభ్యాసం

1. శోషణం, అధిశోషణం మధ్య తేడాను ఇంట్లోని ఉదాహరణలతో రాయండి.

2. ఒక ఆటో 8 కిలోల సి.ఎన్.జి. కాల్చింది. అదంతా మీథేన్ అనుకుంటే ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది?

3. పై లెక్కలో 5 బదులు 3 అణువులే రాతిలో చేరి, అందులో సగం తిరిగి వస్తే, నాలుగో వరుసలో ఎంత మిగులుతుంది?

జవాబులు: 2వ ప్రశ్నకు 22 కిలోలు. 3వ ప్రశ్నకు 132 – 44 – 28 – 66 = –6 కిలోలు, అంటే కరెంటు లెక్క వేయకముందే నష్టం.